దానియేలుకి డీ డ్రైవులో చోటు

1999 జూన్‌లో నన్ను చిలకలూరిపేట రోడ్డు మీదున్న నూలు మిల్లు ఈడీపీ గదికి బదిలీ చేశారు. అప్పటిదాకా అదే యాజమాన్యానికి పెదకాకాని దగ్గరున్న, పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో టైపిస్టుని. ఈడీపీ అంటే ఎలక్ట్రానిక్ డేటా ప్రాసెసింగ్. మామూలు మాటల్లో చెప్పాలంటే కంప్యూటర్లుండే అద్దాల గది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. దూది నుసి కంప్యూటర్లలోకి చేరిందంటే ఫ్యాను తిరగదు, ఫ్యాను తిరక్కపోతే మిషను వేడెక్కి పడుకుంటుంది. అందుకని తలుపు సందులకు గుడ్డపీలికలు కుక్కి ఉండేవి.

నా హోదా ఈడీపీ అసిస్టెంట్. పైన ఇన్‌చార్జి అనే పోస్టు ఒకటుంది. అది నేను వెళ్లేనాటికి ఖాళీ, నేను రిటైరయ్యేనాటికీ ఖాళీ. పని నాది, హోదా ఎవరిదీ కాదు. నా చదువు పదో తరగతి, ఆపైన టైపు హయ్యరు. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. నేర్పమని అడిగితే ఈ వయసులో నీకెందుకయ్యా అన్నారు. మిషన్లతోపాటు అట్టపెట్టెల్లో వచ్చే పుస్తకాలను ఎవరూ విప్పేవాళ్లు కాదు. వాటిని ఇంటికి పట్టుకెళ్లి, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఆ పుస్తకాలు రాసినవాళ్లకి నా ఉనికి తెలియదు గానీ, నాకు గురువులంటే వాళ్లే.

మిల్లు గేటు పక్కన చిన్న గది. అందులో టెలిఫోను బోర్డు. బోర్డు ముందు దానియేలు. కనిగిరి వైపు మనిషి, వాళ్ల నాన్న పల్లెలో చర్చి ఉపదేశకుడు. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి రెండు కళ్లూ పోయాయి. అంధుల పాఠశాలలో చదివి, ఇంగ్లీషు టైపు, టెలిఫోను ఆపరేటరు పని నేర్చుకుని ఈ మిల్లులో చేరాడు. నాకన్నా పదేళ్లు చిన్న. ఆ గొంతు ఎలా ఉండేదో రాయడం నాకు చేతకాదు. అటునుంచి ఎవరు ఎంత కోపంగా ఫోను చేసినా, "నమస్కారమండీ" అని ఇతను అనగానే సగం దిగిపోయేవాళ్లు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆ గదిలో పేపరు తిరగేస్తూ కూర్చుంటే, కాస్త పైకి చదవమన్నాడు. మొదటి పేజీ మొదలుపెట్టాను.

"అది కాదు మాస్టారూ. వార్తలు రేడియో చెబుతుంది. లోపల చిన్న ప్రకటనలుంటాయి చూడండి, అవి రేడియో చెప్పదు."

నేనెవరికీ పాఠాలు చెప్పలేదు, మాస్టారూ అనొద్దన్నాను. "చదివి వినిపిస్తున్నారుగా, అదేగా మాస్టార్ల పని" అన్నాడు. ఇక ఆ పిలుపు మారలేదు.

అప్పటినుంచి రోజూ జనరల్ షిఫ్టుకి మిల్లు సైరను కూత వేయకముందే వెళ్లేవాణ్ణి. పోగొట్టుకున్న సర్టిఫికెట్లు, అమ్మకానికి ఇళ్లు, పేరు మార్చుకున్నవాళ్లు, కనబడుటలేదు ప్రకటనలు, అన్నీ చదవాలి. ఒక్కోదానికీ అతని వ్యాఖ్యానం ఉండేది. ఎవరో తూర్పు వాకిలి ఇల్లు అమ్ముతున్నారని చదివితే, వాస్తు అంత బాగుంటే వాళ్లెందుకు అమ్ముకుంటున్నారో కూడా రాయాల్సింది అనేవాడు. ప్రకటనలయ్యాక ఆ రోజు డిస్పాచి షీటు చదివేవాణ్ణి. అంటే ఏ లారీ, నూలు కొన్న ఏ పార్టీకి, ఎంత సన్నటి కౌంటు నూలు తీసుకుని బయలుదేరుతుందో చెప్పే కాగితం. అతను బ్రెయిలీ పలకలో మందపాటి కాగితం బిగించి, సూదిమొన పుల్లతో చుక్కలు పొడుచుకునేవాడు. ఆ టిక్కు టిక్కుమనే చప్పుడుకి తగ్గట్టు చదవడం నాకు అలవాటైంది. చప్పుడు ఆగితే ఆగేవాణ్ణి.

మరుసటి ఏడు కొత్త టెలిఫోను ఎక్స్‌ఛేంజి వస్తోందన్నారు. బయటివాళ్లు నేరుగా ఏ సెక్షనుకైనా ఫోను చేసుకోవచ్చు. బోర్డు అవసరం ఉండదు. బోర్డు లేకపోతే ఆపరేటరు ఎందుకు? అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గారు దానియేలుని పిలిచి విషయం చెప్పారు. ఆయన్ని మేమందరం ఏవో గారు అనేవాళ్లం. చెడ్డమనిషి కాదు. ఫోన్లకు జవాబు చెబుతూ, కంప్యూటర్లో డిస్పాచి వివరాలు చూసి పార్టీలకు చెప్పగలిగే మనిషి కావాలని పైనుంచి మాట వచ్చిందట. కంప్యూటరు వాడగలిగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ప్యాకింగులో కోన్లకు కాగితం చుట్టే పని ఇస్తారు. నూలు చుట్టిన కోన్లన్నమాట. ఆపరేటరుగా చేరిన మనిషిని అక్కడ కూర్చోబెట్టడమంటే వెళ్లిపొమ్మని మర్యాదగా చెప్పడమే. దానియేలు కూడా అలాగే అర్థం చేసుకున్నాడు.

అతను ఊరుకోలేదు. హైదరాబాదులో తనతో చదివినవాళ్లకి ఫోన్లు చేసి, తెరమీద ఉన్నది పైకి చదివే ప్రోగ్రాం ఒకటుందని కనుక్కున్నాడు. వాళ్ల సంఘం నుంచి సీడీ తెప్పించాడు. అది ఇంగ్లీషే చదువుతుంది. మా డిస్పాచి వివరాలు ఉండేవీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. సీడీ నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇది మాట్లాడితే నేను ఉంటాను. మాట్లాడకపోతే మీ పేపరు మీరే చదువుకోవాలి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. సీడీ అట్ట మాత్రం అతని వేళ్ల చెమటకు మెత్తబడి ఉంది.

కొత్త మిషను కొనరు కదా. గోడౌను వాళ్లు వాడే పాత కంప్యూటరునే టెలిఫోను గదిలోకి మార్చారు. పొద్దున పూట గోడౌను కీపరు బాలకోటయ్య అందులో పత్తి బేళ్ల స్టాకు ఎక్కించుకుంటాడు, ఆ తర్వాత దానియేలుది. నేను సీడీ పెట్టి ఎక్కించడం మొదలుపెట్టాను. తగినంత ఖాళీ లేదని తెరమీద పడింది.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. కంప్యూటర్లో సరుకంతా ఉండేది హార్డు డిస్కులో. ఆ డిస్కుకి మధ్యలో గోడ కట్టి రెండు గదులు చేసినట్టు రెండు భాగాలు చేస్తారు. మొదటిది సీ, రెండోది డీ. మిషను లేవడానికి కావలసిన విండోసు సీలో ఉంటుంది. ఆ రోజుల్లో పాత పద్ధతిలో డిస్కు సిద్ధం చేస్తే ఒక్కో గది రెండు గిగాబైట్లకు మించి ఉండడానికి వీల్లేదు, అందుకే ఆ గోడ. ఇప్పుడు వేలెడు ముక్కలో దానికి ఎన్నో రెట్లు పట్టుకొచ్చి, ఫోను నిండిపోయిందని ఏడుస్తున్నారు. ఏం నింపారయ్యా అని చూస్తే పొద్దున్నే పంపుకున్న పువ్వుల బొమ్మలు.

సీ నిండిపోయింది. డీ దాదాపు ఖాళీ. అందులో ఉన్నదల్లా ఎవరో ఎక్కించుకున్న సినిమా పాటలు. మరి డీలో ఎక్కించొచ్చు కదా? కూడదట. ప్రోగ్రాములు సీలోనే ఉండాలి, డీలో డేటా మాత్రమే ఉంచాలి అని మా మిల్లులో ఎప్పటిదో సర్క్యులరు ఉంది. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు. మిషన్లు అమ్మిన కంపెనీ ఇంజినీరుని ఫోనులో అడిగితే, పెద్ద డిస్కు వేయండి, లేదా ఫార్మాట్ కొట్టండి అని పెట్టేశాడు. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచీ ఎక్కించడం. ఇంటికి బంధువొచ్చాడు, పడుకోడానికి చోటెలాగయ్యా అని అడిగితే, ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టమన్నట్టు.

ఏవో గారి దగ్గరికి వెళ్లాను. ఆ మిషనుకి కొత్త డిస్కు ఎవరూ మంజూరు చెయ్యరన్నారు. ఫార్మాట్ చేస్తే బేళ్ల స్టాకు గతేమిటన్నారు. "చోటు లేదు, మనమేం చేస్తాం? దానియేలుకి నువ్వే నెమ్మదిగా చెప్పు సాంబయ్యా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. పాటలకి చోటుందండీ, మనిషి బతుకుతెరువుకి లేదా అన్నాను. ఆయన ముందు అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదలు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నీ పూచీ మీద చేసుకో, ఆదివారం చెయ్యి అన్నారు. సోమవారం పొద్దున కోటయ్య బేళ్ల ప్రోగ్రాము తెరుచుకోకపోతే మాత్రం దానియేలు మాట తన దగ్గర మళ్లీ ఎత్తొద్దన్నారు.

ఆదివారం ఉదయం వెళ్లేసరికి దానియేలు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. ఆ పూట ఆరాధన కూడా మానుకుని వచ్చాడు. పక్కనే బాలకోటయ్య, పంచె ఎగగట్టి, ఏదో ఘనకార్యం చేసినవాడి వాలకంతో నుంచుని ఉన్నాడు.

మిషను ఆన్ చేసి బేళ్ల ప్రోగ్రాము బొమ్మ మీద నొక్కాను. తెరుచుకోలేదు. టార్చిలైటు బొమ్మొకటి వచ్చి అటూ ఇటూ తిరగసాగింది. పోయిన ఫైలు కోసం విండోసు వెతుక్కుంటోందని దాని అర్థం. ఇంకో దాని మీద నొక్కాను. అదీ అంతే.

"కోటయ్యా, దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారా?"

"ఎవరో ఎందుకు ముట్టుకుంటారయ్యా, నేనే" అన్నాడు. "సీ ఫుల్లయిందంటివిగా! నిన్న సాయంత్రం కూచోని, ఎత్తగలిగినకాడికి ఎత్తి డీలోకి తోలా. నీకు పని తగ్గిద్దని."

"ఎందుకు తోలావయ్యా!"

"ఎందుకేంది? మొదటి గోడౌను నిండితే రెండోదాన్లోకి తోలమా? మార్కా బేలు మీదే ఉంటది. ఏ గోడౌన్లో ఉంటే ఏంది, దొరకదా?"

అతని తప్పు లేదు. మా మిల్లులో అదే పద్ధతి. వాన వచ్చినా, గోడౌను నిండినా హమాలీలు బేళ్లు మార్చేస్తారు. లాటు నంబరు బేలు మీద రంగుతో రాసి ఉంటుంది గనక ఎక్కడున్నా దొరుకుతుంది. ప్రోగ్రాము బేలులాంటిది కాదు. అది ఎక్కేటప్పుడే తన చిరునామా విండోసు దగ్గర రాయించుకుంటుంది. దాని ముక్కలు కొన్ని విండోసు ఫోల్డరులో కూడా ఉంటాయి. దాన్ని పట్టుకుపోయి వేరేచోట పడేస్తే విండోసు పాత చిరునామాకే వెళ్లి తలుపు కొడుతుంది. మార్చాలంటే పద్ధతిగా తీసివేసి, కొత్త చోట మళ్లీ ఎక్కించాలి. ఈ ముక్క కోటయ్యకి చెప్పాను, చెప్పిన తీరు ఇక్కడ రాయదగింది కాదు. అతను కూడా ఊరుకోలేదు. "చెయ్యబోయినందుకు మంచి బుద్ధి చెప్పావులే. నీ కంప్యూటరు కంటే మా హమాలీ పుల్లయ్య నయం. ఏడ పెట్టినా ఎతుక్కొస్తాడు" అన్నాడు.

దానియేలు మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వాగాక, "మాస్టారూ, సోమవారానికి తెరుచుకుంటుందా?" అన్నాడు. నేను కోటయ్యని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

కోటయ్య జ్ఞాపకం మంచిది. ఏవి ముందు తోలాడో, ఏవి రానని మొరాయిస్తే వదిలేశాడో వరసగా చెప్పాడు. వాటిని ఒక్కొక్కటిగా పాత స్థానాలకు చేర్చాను. బేళ్ల ప్రోగ్రాము తెరుచుకుంది. ముందుగా ఆ స్టాకు వివరాలన్నీ ఫ్లాపీల మీదకి తీసి కోటయ్య చేతికిచ్చి, ఇవి నీ దగ్గరే ఉంచుకో, మళ్లీ ఎక్కడికీ తోలకు అన్నాను.

ఆ తర్వాత అసలు పని. ఉత్తరాలు టైపు చేసే పెద్ద ప్యాకేజీ ఒకటి సీలో సగం మంచం ఆక్రమించుకుని ఉంది. దాన్ని కంట్రోల్ ప్యానెల్లో ప్రోగ్రాములు తీసివేసే చోటుకి వెళ్లి పద్ధతిగా తీసేశాను. దాని సీడీ పెట్టి మళ్లీ ఎక్కించేటప్పుడు, ఎక్కడ ఎక్కించాలి అని అడుగుతుంది. అందరూ చదవకుండా నెక్స్ట్ నొక్కేసే చోటు అదే. అక్కడ చిరునామా మొదట్లో ఉన్న సీ అక్షరం చెరిపి డీ అని కొట్టాలి. పని మొత్తం ఆ ఒక్క అక్షరంలో ఉంది. తాత్కాలిక ఫైళ్లు, చెత్తబుట్ట ఖాళీ చేశాను. జ్ఞాపకశక్తి చాలనప్పుడు విండోసు చిత్తుకాగితంలా వాడుకునే ఫైలొకటి ఉంటుంది, దాన్ని కూడా డీలోకి మార్చాను. మాట్లాడే ప్రోగ్రాముని కూడా డీలోనే ఎక్కించాలి గానీ, ఎంత డీలో పెట్టినా దాని ముక్క కొంత సీలోకి వెళ్లి తీరుతుంది. అందుకే సీలో ఈ ఖాళీ అంతా చెయ్యడం. ఈ సంగతి తెలియక చాలామంది డీలో ఎక్కించినా చోటు చాలలేదంటుందేమిటని మిషనుని తిడతారు.

దానియేలు తల ఒక పక్కకి వంచి డిస్కు చప్పుడు వింటున్నాడు. "ఇంకా గొరుకుతోంది మాస్టారూ, అవలేదు" అంటున్నాడు. మిషను ఆపి మళ్లీ పెట్టమని తెరమీద పడింది. పెట్టాను. విండోసు వచ్చింది. నిశ్శబ్దం. స్పీకరు వైరు ఊడిందేమోనని నేను వంగి చూడబోతుంటే, ముక్కుతో మాట్లాడే మగగొంతు ఒకటి ఇంగ్లీషులో గడగడా మొదలుపెట్టింది.

దానియేలు చెయ్యి చాచి కీబోర్డు అంచు తడుముకుని, మీటలు ఒక్కొక్కటే నొక్కుతూ వినసాగాడు. డిస్పాచి ఫైలు తెరిచాడు. చిలకలూరిపేట దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు ఊరిపేరుని మూడు ముక్కలు చేసి, ఒక ముక్క మింగేసింది.

"ఎవుడీ దొర?" అన్నాడు కోటయ్య. "మనూరి పేరు కూడా పలకటం చేతగాదు."

"పోనీ బాబాయ్, నేర్పుదాం. రేపటికి తెలుగోడైపోతాడు" అన్నాడు దానియేలు. అప్పుడు చూశాను అతని ముఖం. చెంపలమీద తడి ఉంది, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

సోమవారం కోటయ్య ప్రోగ్రాము తెరుచుకుంది. ఏవో గారు తన గదినుంచే ఫోను చేసి, పార్టీ పేరు చెప్పకుండా, మహారాష్ట్రలో ఇచ్చల్‌కరంజికి వెళ్లాల్సిన లారీ కదిలిందా అని అడిగారట. దానియేలు హెడ్‌ఫోను ఒక చెవికి, టెలిఫోను ఒక చెవికి పెట్టుకుని జవాబు చెప్పాడు. ఆయన సరే అన్నారు. ప్యాకింగు మాట మళ్లీ వినపడలేదు. సర్క్యులరు మాత్రం మార్చలేదు.

డిస్పాచి ఫైల్లో ఉన్న ఊళ్ల పేర్లన్నీ ఎలా పలకాలో ఆ ప్రోగ్రాముకి అక్షరాలు మార్చి మార్చి దానియేలు నేర్పాడు. కొన్నాళ్లకి అది కనిగిరిని మనలాగే పలికేది. డిస్పాచి షీటు నేను చదవాల్సిన అవసరం పోయింది. ప్రకటనలు చదువుతూనే ఉన్నాను గానీ, మధ్యలో ఫోన్లు పెరిగాయి. ప్రతి పార్టీవాళ్లూ అతనితోనే మాట్లాడాలనేవాళ్లు. చదువుతూ ఆగి, అతను మాట్లాడటం అయ్యేదాకా వేలు ఆ లైను మీద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తర్వాత గుంటూరు సేల్సు ఆఫీసు వాళ్లు ఇతను మాకు కావాలన్నారు. సీనియరు ఆపరేటరు హోదా, జీతం పెంపు.

"వెళ్లనా మాస్టారూ? మీరెలా చెబితే అలా" అన్నాడు.

వెళ్లమన్నాను. అడిగింది నన్ను గనక అబద్ధం చెప్పడానికి వీల్లేదు. కోటయ్య స్టాకుని ఈడీపీ గదిలోని మిషనులోకి మార్చి, ఆ పాత మిషనునే గోనెసంచుల్లో చుట్టి, గుంటూరు వెళ్లే లారీలో నూలు పెట్టెల మధ్య పెట్టి పంపాం. లారీ గేటు దాటే దాకా కోటయ్య వెనకాల నడిచి, కుదుపులకు అదిరిపోకుండా నడపమని డ్రైవరుని తిట్టాడు.

గేటు పక్క గదిలో తర్వాత సైకిళ్ల పంపులు, వాచ్‌మన్ల గొడుగులు పెట్టారు. నేను రిటైరయ్యేదాకా జనరల్ షిఫ్టు కూత కంటే ముందే మిల్లుకి వెళ్లడం మానలేకపోయాను. వెళ్లి ఏం చెయ్యాలో తోచేది కాదు. అద్దాల గదిలో కూర్చుని పేపరు విప్పితే, మనసులో చదువుకునే అలవాటే పోయింది నాకు. పెదవులు కదిలేవి. పోగొట్టుకున్న సర్టిఫికెట్టు గురించి చదివి, అవతలనుంచి ఏదైనా కొంటెమాట వస్తుందని ఆగేవాణ్ణి. అప్పుడప్పుడు ఏదో ఒక పని కల్పించుకుని సేల్సు ఆఫీసుకి ఫోను చేసేవాణ్ణి. "నమస్కారమండీ" అని ఆ గొంతు. నేనని తెలియగానే, "మాస్టారూ! ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అనేవాడు. ఆ నిమిషంలో రిసీవర్లో ఒక పాట ముక్క తిరిగి తిరిగి వచ్చేది. అది వింటూ ఎంతసేపైనా ఉండేవాణ్ణి. ఒకసారి అడిగాను, అక్కడ పేపరు చదివి వినిపించేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని.

"తీరికేదీ మాస్టారూ?" అన్నాడు. ఆ మాటలో నొప్పి లేదు, గర్వం ఉంది. ఉండాల్సిందే. అతను ఒప్పుకుంటే వెళ్లి నెలకొకసారైనా చదివి వచ్చేవాణ్ణి. నేనెప్పుడూ అనలేదు, అతనెప్పుడూ పిలవలేదు.

కంప్యూటర్ల పనిలో కొత్తగా చేరేవాళ్లు నన్ను అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. వాళ్లకి ఇది చెబుతాను. చోటు లేదని ఎవరైనా అంటే ఏ గదిలో లేదో అడగండి, వెళ్లి మీ కళ్లతో చూడండి. మార్చాల్సినదాన్ని ఎత్తి పడెయ్యకండి, తీసి మళ్లీ ఎక్కించండి. ఎక్కించిన ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తే, దాని ముందు కూర్చున్న మనిషి మిమ్మల్ని పిలవడం మానేస్తాడు. పని పూర్తయిందనడానికి నాకు తెలిసిన గుర్తు అదొక్కటే.